నవలా పఠన గోష్ఠులు: ఉస్మానియా ప్రాంగణము, తార్నాక

తెలుగు నవలా చరిత్రలను తిరుగవేసినచో మనకు ముందుగా కానవచ్చునవి రచయితల పేళ్లు, ప్రచురణ వత్సరములు, వస్తు విభాగములు. చారిత్రక నవల ఎప్పుడు పుట్టినది, సాంఘిక నవల ఎట్లు పెరిగినది, మనస్తత్త్వ నవల ఎవరితో మొదలైనది అను విషయములను మన విమర్శకులు శ్రద్ధతో నిర్ణయించి యున్నారు. ఆ కృషి కొనియాడదగినది. కాని ఆ నవలలను చదివినవారెవరు, ఎచ్చట కూర్చుండి చదివిరి, చదివిన పిమ్మట ఎవరితో ఏమని మాటలాడుకొనిరి అను ప్రశ్నలకు ఆ గ్రంథములలో సమాధానము అరుదు. పంట చరిత్ర వ్రాయువాడు దున్నినవానిని, విత్తినవానిని స్మరించి, తిన్నవానిని మరచినట్లున్నది మన స్థితి.

నవల ఏకాంతమున చదువదగిన ప్రక్రియ అని వాడుక. నాటకమునకు సభ వలయును, పద్యమునకు రాగము వలయును, నవలకు ఒక దీపమును ఒక మూలయు చాలునని చెప్పుదురు. ఇది కొంతవరకు నిజమే. కాని హైదరాబాదున, అందును ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునను దానిని ఆనుకొని పెరిగిన తార్నాక ప్రాంతమునను, తెలుగు నవల పలువురి నడుమ మెలగినది. ఒక్క ప్రతి పదిచేతులు మారుట, ఒకరు చదువుచుండ నలుగురు వినుట, చదివినవాడు చదువనివానికి కథ చెప్పుట, చెప్పినదానిపై తగవులాడుట — ఇవి ఇచ్చట నవలా పఠనమునకు అంగములైనవి. దీనికి మొదట కారణములు మూడు: తెలుగు గ్రంథముల కొరత, ఉర్దూ మాధ్యమమున సాగిన విద్య, సభాస్వాతంత్ర్యము లేమి. ఈ మూడు కారణములును కాలక్రమమున తొలగిపోయినవి. అలవాటు మాత్రము తొలగలేదు. అది ఏల నిలిచినది అను ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

1. విను సంప్రదాయము

నవల మనకు కొత్త ప్రక్రియయే గాని, కూడి వినుట మనకు కొత్త కాదు. గ్రామమునందలి రచ్చకట్ట మీదనో, దేవాలయ మంటపమునందో ఒకరు భారతమును చదువ, మరియొకరు అర్థము చెప్ప, అక్షరములు రానివారు కూడ పాత్రల మంచిచెడ్డలను తర్కించుకొనుట మన పల్లెలలో తరతరముల ఆచారము. కర్ణుని దానము గొప్పదా, ధర్మరాజు సత్యము గొప్పదా అని వాదించుకొనిన ఆ శ్రోతలే మన తొలి విమర్శకులు. హైదరాబాదు నగరమున దీనికి తోడు ఉర్దూ దాస్తాన్ సంప్రదాయము కూడ ఉండెను. ఆ కథలును చెప్పుటకు, వినుటకు పుట్టినవే.

1872లో నరహరి గోపాలకృష్ణమ సెట్టి ప్రకటించిన ‘శ్రీరంగరాజ చరిత్ర’ను ‘నవీన ప్రబంధము’ అనియు, కందుకూరి వీరేశలింగము 1878 నుండి ‘వివేకవర్ధని’లో వెలువరించి 1880లో పుస్తకముగా ముద్రించిన ‘రాజశేఖర చరిత్రము’ను ‘వచన ప్రబంధము’ అనియు వ్యవహరించుట గమనింపదగినది. పాత పేరుతోడనే కొత్త రచన మన ఇండ్లకు వచ్చినది. ‘నవల’ అను పేరును కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి ప్రతిపాదించెను. పేరు మారినను వినువాని చెవి వెంటనే మారలేదు. ప్రబంధమునకు శ్రోత ఉన్నట్లే నవలకును శ్రోత ఉండెను.

ఇట్టిది మన దేశమునందే కాక అన్యత్ర కూడ కలదు. క్యూబా దేశపు చుట్టల కర్మాగారములలో 1865 ప్రాంతమున కార్మికులు తమ వేతనములనుండి చందా వేసికొని ఒక చదువరిని నియమించుకొనిరి. చేతులు పొగాకు చుట్టుచుండ చెవులు నవలలు వినుచుండెను. ఇంగ్లండున 1842లో మ్యూడీ స్థాపించిన చందా గ్రంథాలయము మూడు సంపుటముల నవలలను ఇంటింటికి చేర్చి పాఠకుల అభిరుచినే కాక నవలల నిడివిని కూడ శాసించినది. అనగా చదువు విధానము రచనా విధానమును మార్చును. ఈ సూత్రము మన ప్రాంతమునకు ఎట్లు వర్తించునో ఇక చూడవలసి యున్నది.

2. భాషానిలయము

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున రావిచెట్టు రంగారావుగారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు ప్రభృతులు దీనికి పూనుకొనిరి. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో హైదరాబాదుననే విజ్ఞానచంద్రికా మండలి పుట్టి, 1908లో మదరాసునకు తరలినది. శాస్త్రగ్రంథములను, దేశచరిత్రలను ప్రకటించిన ఆ మండలి నవలలకు పోటీలు పెట్టి బహుమానము లిచ్చినది. అంతకుముందే, 1890ల దశకమున, ‘చింతామణి’ పత్రిక పోటీలు చిలకమర్తి లక్ష్మీనరసింహము మొదలగువారిని నవలారచనకు పురికొల్పి యుండెను.

గ్రంథాలయమును పుస్తకముల గదిగా మాత్రమే చూచినచో దాని మహిమ మనకు తెలియదు. నిజాం రాజ్యమున బహిరంగ సభ జరుపుటకు ప్రభుత్వానుమతి కావలసి యుండెను. అట్టి కాలమున నలుగురు ఒక చోట చేరి మాటలాడుకొనుటకు గ్రంథాలయము ఒక మర్యాదగల నెపము. చారిత్రక నవలను గూర్చిన మాట కాకతీయులకు, విజయనగరమునకు పోయి అచ్చటనుండి తమ నాటి స్థితికి తిరిగివచ్చుట సహజము. పాత రాజుల కథలో కొత్త ప్రశ్న దాగియుండెను. ఆంధ్ర గ్రంథాలయములను పాలకులు అనుమానముతో చూచుటకు కారణము ఇదియే. పుస్తకమునకు వారు వెరచిరనుటకంటె, పుస్తకము చుట్టు చేరిన మాటకు వెరచిరనుట యుక్తము.

భాషానిలయము చేసిన మరియొక మేలు కలదు. ఉర్దూ మాధ్యమమున చదివిన తెలుగు బాలురకు అది రెండవ పాఠశాల యైనది. ఆచార్య సి. నారాయణరెడ్డిగారు పట్టభద్రులగువరకు ఉర్దూ మాధ్యమముననే చదివి, ఈ నిలయమున తెలుగు గ్రంథములను విరివిగా పఠించి, తదుపరి ఉస్మానియా తెలుగు శాఖకే ఆచార్యులైరి. తరగతిలో దొరకనిది బల్ల మీద దొరకినది. స్త్రీల విషయమున 1928లో నారాయణగూడయందు మాడపాటి హనుమంతరావుగారి పూనికతో వెలసిన ఆంధ్ర బాలికల పాఠశాల ఇట్టి పాత్ర వహించినది. తెలుగున చదువు నేర్చిన బాలికలు ఇంటికి తీసికొనిపోయిన నవలలు అక్షరము రాని తల్లుల చెవులకు కూడ సోకినవి.

3. ప్రాంగణము

1917లో ఫర్మానా, 1919లో బోధనారంభము — ఇవి ఉస్మానియా విశ్వవిద్యాలయ జనన వృత్తాంతమున మొదటి తేదీలు. ఒక భారతీయ భాషను ఉన్నతవిద్యకు మాధ్యమము చేసిన ప్రయత్నముగా దాని ఘనతను ఎవ్వరును కాదనలేరు. ఆ ప్రయత్నమునకు అండగా అనువాద శాఖ ఏర్పడినది. ‘ఉమ్రావ్ జాన్ అదా’ (1899) కర్త మీర్జా హాదీ రుస్వా ఆ శాఖయందు పనిచేసి, 1931లో హైదరాబాదుననే కన్నుమూసెను. ఉర్దూ నవలాచరిత్రయందు ప్రథమశ్రేణికి చెందిన రచయిత ఉదరపోషణకు శాస్త్రగ్రంథములను అనువదించుచు ఈ విశ్వవిద్యాలయపు కొలువులో జీవించెననుట మన చరిత్రలలో చేరవలసిన విషయము. తరువాతి తరమున అజీజ్ అహమ్మద్ ఇచ్చట ఆంగ్లము బోధించుచునే ఉర్దూ నవలలు వ్రాసెను. హైదరాబాదు ఉన్నతవర్గ జీవితమును చిత్రించిన ఆయన నవల ‘ఐసీ బులందీ ఐసీ పస్తీ’ని రాల్ఫ్ రస్సెల్ ఆంగ్లీకరింపగా 1971లో వెలువడినది.

ఇంతటి ఘనతయందును ఒక లోటు కలదు. రాజ్యమున అధికసంఖ్యాకుల భాషయైన తెలుగు ఇచ్చట బోధనా విషయమే కాని బోధనా భాష కాలేదు. రాయప్రోలు సుబ్బారావుగారు తెలుగు ఆచార్యత్వము వహించి ఒక తరమును తీర్చిరి. కాని గణితమును, చరిత్రను, తర్కమును ఉర్దూలో చదువుకొనిన తెలుగు విద్యార్థికి తన భాష ఇంటి మాటగా, పద్యముగా మిగిలినదే గాని ఆలోచనాభాషగా అలవడలేదు. నవల ఈ లోటును పూడ్చినది. నవలలో న్యాయవాది తెలుగున వాదించును, వైద్యుడు తెలుగున రోగము చెప్పును, భార్యాభర్తలు తెలుగున తగవులాడుదురు, ఒక యువకుడు తెలుగున సందేహించును. సంఘమును గూర్చియు ప్రేమను గూర్చియు గద్యమున ఎట్లు మాటలాడవచ్చునో నేర్పిన పాఠ్యగ్రంథము ఆ విద్యార్థులకు నవలయే. నాటి పాఠ్యప్రణాళికలలో ప్రబంధమునకును వ్యాకరణమునకును ఉన్న స్థానము నవలకు లేకపోవుట వలన, ఈ చదువు తరగతి వెలుపల, వసతిగృహపు గదులలో సాగవలసి వచ్చినది.

1934లో పునాది పడి 1939 డిసెంబరున ప్రారంభమైన ఆర్ట్సు కళాశాలా భవనము, దాని చుట్టు విశాలమైన మిట్టలు, బండలు, వసతిగృహములు — ఇవి నగరమునకు దూరముగా విద్యార్థుల కొరకు ఒక ఊరినే నిర్మించినవి. దూరము గోష్ఠికి మేలు చేయును. సాయంకాలము నగరమునకు పోయివచ్చుటకు వీలును పైకమును లేనివానికి గదిలోని మిత్రుడే వినోదము, మిత్రుని చేతిలోని పుస్తకమే నాటకశాల. ఆ గదులలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ విద్యార్థులు కలసి వసించిరి. ఒక భాషలోని నవల మరియొక భాషలో నోటిమాటగా చెప్పబడుట అచ్చట వింత కాదు. శరచ్చంద్రుని వంగ నవలలు చక్రపాణి మొదలగువారి అనువాదముల వలన తెలుగువారి సొత్తైనవి. హిందీ, ఉర్దూ అనువాదములు ఇతరులకును అందుబాటున ఉండుట వలన దేవదాసు ఏ భాషవాడో అను ప్రశ్నయే ఎవ్వరికిని తోచలేదు.

1938లో వందేమాతర గీతాలాపన విషయమున వసతిగృహములలో ప్రారంభమైన ఉద్యమము పెక్కుమంది విద్యార్థులను విశ్వవిద్యాలయమునుండి బహిష్కృతులను చేసినది. వారిలో పలువురు నాగపూరునకు పోయి చదువు కొనసాగించిరి. ఆ ఉద్యమమున పాల్గొని నాగపూరు చేరినవారిలో పి. వి. నరసింహారావుగారు ఒకరు. వారు విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ అను పేర హిందీలోనికి అనువదింపగా 1968లో వెలువడినది. ఇది కేవలము యాదృచ్ఛికమని మేము తలంపము. బహుభాషా వాతావరణమున నవలను చదువుటకు అలవడినవానికి, తాను మెచ్చిన నవలను పొరుగు భాషవానికి చెప్పవలెనను కోరిక కలుగుట సహజము. అనువాదము గోష్ఠికి దీర్ఘరూపము.

4. పుస్తకములను మోసికొనిపోయిన మనిషి

పాఠకుడే రచయితగా మారిన వృత్తాంతమునకు వట్టికోట ఆళ్వారుస్వామి (1915–1961) ఉత్తమ నిదర్శనము. ఆయనకు కళాశాలా విద్య లేదు. బాల్యమున ఇతరుల ఇండ్లలో పనిచేసి కడుపు నింపుకొనుచు అక్షరములు నేర్చెను. గ్రంథాలయములే ఆయనకు గురుకులములు. 1938లో సికిందరాబాదున ‘దేశోద్ధారక గ్రంథమండలి’ని స్థాపించి చౌక వెలకు పుస్తకములను ప్రకటించి, వానిని తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. అమ్మకమునకు పోయినచోట పుస్తకమును గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు. విన్నవారు నాలుగు ప్రశ్నలు అడుగక మానరు. ఇట్లు ఆయన సంచారమే ఒక కదలు గోష్ఠి యైనది. నిజామాబాదు చెరసాలలో దాశరథి కృష్ణమాచార్యులు ఆయనకు సహచరుడు. అచ్చటను సాహిత్యప్రసంగము ఆగలేదు.

1955లో వెలువడిన ‘ప్రజల మనిషి’లో దిమ్మెగూడెము అను పల్లెను, కంఠీరవము అను యువకుని ఆధారము చేసికొని నిజాం నాటి తెలంగాణ గ్రామ జీవితమును ఆళ్వారుస్వామి చిత్రించెను. ‘గంగు’ ఆయన మరణానంతరము 1965లో వెలువడినది. ఆ నవలలను శిల్పదృష్టితో చూచి లోపములు చెప్పినవారు కలరు. ఆ లోపములు లేవని మేమనము. కాని ఒక విషయము గమనింపవలెను. ఆ నవలల కథనము ఎదుట కూర్చున్నవారికి చెప్పుచున్నట్లు సాగును. పాఠకుడు నడుమ ప్రశ్నించునేమో యని రచయిత ముందుగానే బదులు చెప్పుచుండును. ఊరూర తిరిగి పుస్తకములను గూర్చి మాటలాడినవాని వచనము ఇట్లుండుటలో ఆశ్చర్యము లేదు. చదువు విధానము రచనా విధానమును మార్చునని పైన చెప్పిన సూత్రమునకు ఇది మన ఇంటి ఉదాహరణము.

ఆళ్వారుస్వామి తలపెట్టిన పనిని దాశరథి రంగాచార్యులు కొనసాగించిరి. ‘చిల్లర దేవుళ్లు’ (1969), ‘మోదుగుపూలు’, ‘జనపదం’ వరుసగా తెలంగాణ చరిత్రను నవలీకరించినవి. వానిలో పాత్రలు పల్లె మాటనే మాటలాడినవి. పత్రికలలోను పాఠ్యపుస్తకములలోను కానరాని తమ ఇంటి పలుకు అచ్చులో కనబడినప్పుడు ఈ ప్రాంతపు పాఠకులు పొందిన అనుభూతి విమర్శగ్రంథములలో చాలినంతగా నమోదు కాలేదు. అది గోష్ఠులలో మాత్రమే వినబడినది. బిగ్గరగా చదివినప్పుడు కదా మాట యొక్క యాస తెలియును! కనులతో చదువువానికి లిపి కనబడును. చెవితో చదువువానికి ఊరు కనబడును.

5. తార్నాక

‘తార్’ అనగా తీగ, ‘నాకా’ అనగా కాపలా ఉండు చోటు. పూర్వమొక తోట చుట్టు వేసిన తీగకంచెను బట్టి ఈ పేరు కలిగినదని స్థానికులు చెప్పుదురు. ఒక వైపు విశ్వవిద్యాలయము, మరియొక వైపు 1893 నాటి లాలాగూడ రైల్వే కర్మాగారము, ఉప్పల్ మార్గమున వరుసగా జాతీయ పరిశోధనాలయములు, చెంతనే 1958లో నెలకొనిన కేంద్రీయ ఆంగ్ల సంస్థ — ఇన్నింటి నడుమ ఉండుట వలన తార్నాకయందు ఆచార్యుడును, గుమాస్తాయును, శాస్త్రజ్ఞుడును, కార్మికుడును ఒక వీథి వారైరి. నవలకు ఇంతకంటె తగిన పాఠకలోకము మరియొకటి ఉండునా?

1956లో ఆంధ్రప్రదేశావతరణమునకు పిమ్మట తెలుగు పుస్తకములు, వారపత్రికలు నగరమున సమృద్ధిగా లభింపసాగినవి. కొరత అను మొదటి కారణము ఇట్లు తొలగినది. 1948 తరువాత మాధ్యమము ఉర్దూనుండి ఆంగ్లమునకు మారుటతో రెండవ కారణము రూపు మార్చుకొన్నది. సభలకు ఆంక్ష అంతకుముందే తొలగినది. అయినను పుస్తకము చేతులు మారుట ఆగలేదు. 1960ల, 1970ల దశకములలో ఈ ప్రాంతపు ఇండ్లయందు కానవచ్చిన ఒక ఆచారమును చెప్పవలెను. వారపత్రికలలో వెలువడు ధారావాహిక నవలల పుటలను గృహిణులు వారము వారము జాగ్రత్తగా వేరుచేసి, నవల ముగిసిన పిమ్మట వరుసగా పేర్చి, దబ్బనముతో కుట్టి, అట్ట వేసి దాచుకొనెడివారు. ఆ కుట్టిన పుస్తకము వాడకట్టు అంతయు తిరిగి, నూనె మరకలతోను, పసుపు వ్రేలిముద్రలతోను ఇల్లు చేరెడిది. యద్దనపూడి సులోచనారాణి నవలలు ఇట్లు ఇల్లిల్లు చుట్టి వచ్చినవే. ఆ నవలలను పండితులు తేలికగా చూచిరి. కాని నాయిక ఉద్యోగము చేయవచ్చునా, ఆత్మాభిమానమునకై సంబంధము వదలుకొనవచ్చునా అని పంపువద్దను, పిట్టగోడల మీదను జరిగిన చర్చలను తేలికగా చూచుటకు మేము సాహసింపము. తమ మనస్సులోని మాటను నాయిక పేరు పెట్టి బయటికి చెప్పుకొనుటకు వారికి నవల ఒక చాటు కల్పించినది. ‘స్వాతి’ మాసపత్రికలో మాలతీ చందూర్ ‘పాత కెరటాలు’ శీర్షికన ప్రపంచ నవలలను కథలుగా చెప్పుట ఈ సంప్రదాయమునకే అచ్చురూపము. ఆంగ్లము చదువనివారు కూడ పరదేశపు నవలలను గూర్చి మాటలాడుకొనుటకు అది దారి చూపినది. దినమునకు ఇంత యని అద్దె పుచ్చుకొనిన చిన్న దుకాణములును, నెలనెల పుస్తకములను ఇంటికి పంపిన ఎమెస్కో ఇంటింటి గ్రంథాలయమును ఈ చదువరులను పెంచినవి.

ఇదే కాలమున ప్రాంగణము తన నవలను తాను కన్నది. నవీన్ వ్రాసిన ‘అంపశయ్య’ 1969లో వెలువడినది. ఉస్మానియా వసతిగృహమున నివసించు రవి యను పేద గ్రామీణ విద్యార్థి ఒక్క దినపు అంతరంగ వృత్తాంతము ఆ నవలకు వస్తువు. జేమ్స్ జాయిస్ 1922 నాటి ‘యులిసిస్’లో డబ్లిన్ నగరమున ఒక దినమును చైతన్య స్రవంతి పద్ధతిని చిత్రింపగా, నవీన్ ఆ పద్ధతిని అడిక్‌మెట్టు మిట్టల మీదికి తెచ్చెను. ఆ వత్సరమే ప్రత్యేక తెలంగాణ ఉద్యమము ఇచ్చట భగ్గుమన్నది. నవలలోని రవికి చుట్టును వందలమంది కలరు, కాని తన మనస్సును విప్పి చెప్పుకొనుటకు తగినవాడు దొరకడు. పల్లెనుండి వచ్చి, ఆంగ్లమాధ్యమమున తడబడుచు, పైకమునకు వెదకికొనుచు, పుస్తకములలో తలదాచుకొను ఆ యువకుని ఏకాంతము వేలకొలది విద్యార్థుల ఏకాంతము. గ్రంథనామమే రచయితకు ఇంటిపేరగుట తెలుగునాట అరుదు. ఆ గౌరవము ‘అంపశయ్య’ నవీన్‌కు దక్కినది. అది విమర్శకులు ఇచ్చిన బిరుదు కాదు, చదివినవారు పిలిచిన పిలుపు.

6. ఒక సాయంకాలము

మేమును కొందరము మిత్రులము తార్నాకయందు ఒకరి ఇంట నెలకొకమారు కూడి ఒక నవలను గూర్చి మాటలాడుకొనుచుందుము. ఆ కూటమికి పేరు లేదు, అధ్యక్షుడు లేడు. రైల్వేయందు పనిచేసి విశ్రాంతి పొందినవారొకరు, ఒక పాఠశాలోపాధ్యాయిని, ఒక శాస్త్రజ్ఞుడు, ఇద్దరు ముగ్గురు పరిశోధక విద్యార్థులు వచ్చుచుందురు. నియమము ఒక్కటే: నవలను సూచించినవారు చివరనే మాటలాడవలెను. ఈ నియమము లేనప్పుడు సూచించినవారి మెప్పు తక్కినవారి నోళ్లు కట్టివేయుచుండుట చూచి దీనిని ఏర్పరచుకొంటిమి.

‘అంపశయ్య’ను గూర్చి మాటలాడిన సాయంకాలమును ఇచ్చట పేర్కొనుట అప్రస్తుతము కాదు. పెద్దవారు, తాము యౌవనమున ఈ నవలను సగమున విడిచితిమనియు, కథ కదలుట లేదని అప్పుడు విసుగు కలిగినదనియు చెప్పిరి. ఉపాధ్యాయిని, రవి చూపునకు స్త్రీ ఒక వ్యక్తిగా కనబడుచున్నదా లేక అతని తాపమునకు నెపముగా మాత్రమే కనబడుచున్నదా అని ప్రశ్నించిరి. ఆ ప్రశ్నకు సమాధానమునకై ఇద్దరు ఒకే పుటను చదివి భిన్నాభిప్రాయములు చెప్పిరి. అంతవరకు మౌనముగా ఉన్న ఒక పరిశోధక విద్యార్థి, భోజనశాల బాకీ చెల్లింపలేని దినమున మిత్రులను తప్పించుకొని తిరుగుట ఎట్లుండునో తనకు పుస్తకము చెప్పనక్కరలేదని మెల్లగా అనెను. అతడు మా కూటమికి వచ్చి ఏడాది దాటినను అంతకుముందు తన సంగతి ఏదియు చెప్పి యుండలేదు. ఆ మాటకు పిమ్మట కొంతసేపు ఎవ్వరును శిల్పమును గూర్చి మాటలాడలేదు. ఆనాడు ఎవ్వరి అభిప్రాయమును పూర్తిగా మారలేదు. కాని పెద్దవారు ఇంటికి పోయి, సగమున విడిచిన నవలను మొదటినుండి చదివి ముగించిరి. మరునెల వచ్చి ఆ విద్యార్థి ప్రక్కన కూర్చుండిరి.

అలవాటు ఏల నిలిచినదను ప్రశ్నకు మాకు తోచిన సమాధానము ఇందున్నది. కొరతయు, ఆంక్షయు, పరభాషా మాధ్యమమును గోష్ఠిని పుట్టించిన మాట నిజము. కాని దానిని నిలిపినది వేరొకటి. తన సంగతిని తన పేర చెప్పుకొనలేనివాడు పాత్ర పేర చెప్పుకొనును. నిజాం నాటి యువకుడు కాకతీయుల పేర స్వాతంత్ర్యమును గూర్చి మాటలాడెను. వాడకట్టు గృహిణి నాయిక పేర తన అభిమానమును గూర్చి మాటలాడెను. నేటి విద్యార్థి రవి పేర తన లేమిని గూర్చి మాటలాడెను. కాలము మారినకొలది చాటున దాగిన విషయము మారినదే గాని చాటు అవసరము మారలేదు. ఏకాంతమున చదివిన నవల మనకు ఇతరుల బ్రతుకును తెలుపును. కూడి చదివిన నవల ప్రక్కవాని బ్రతుకును కూడ తెలుపును.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చును. పాఠకులు తమ సంగతులు చెప్పుకొనుటకు నవల నెపమైనచో సాహిత్యవిమర్శ ఏమగునని పండితులు అడుగవచ్చును. ఈ భయము నిరాధారము కాదు. నవలను విడిచి సొంత కథలలో పడిపోయిన సాయంకాలములు మాకును కలవు. కాని పై ఉదాహరణమున విద్యార్థి మాట విన్న పిమ్మటనే పెద్దవారికి ఆ నవలలో కథ కదలకపోవుట దోషము కాదనియు, కదలలేని బ్రతుకునకు అది తగిన శిల్పమనియు తోచినది. అనుభవము విమర్శకు శత్రువు కానక్కరలేదు. గ్రంథము వద్దకు తిరిగి పంపినచో అది విమర్శకు దీపమగును.

7. చేయవలసిన పని

1978లో ఏర్పడిన స్త్రీశక్తి సంఘటన తెలంగాణ సాయుధ పోరాటమున పాల్గొన్న స్త్రీల జ్ఞాపకములను వారి నోటనే విని 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా ప్రకటించినది. శాసనములును, ప్రభుత్వ పత్రములును చెప్పని చరిత్రను జ్ఞాపకము చెప్పగలదని ఆ గ్రంథము నిరూపించినది. నవలా పాఠకుల విషయమున అట్టి పని జరుగవలసి యున్నది. గ్రంథాలయముల ఎరువు పట్టీలు, పుస్తకముల వెనుక అంటించిన తేదీల చీట్లు, అంచులలో పెన్సిలుతో వ్రాసిన వ్యాఖ్యలు, కుట్టిన ధారావాహికలు, మిత్రులకు వ్రాసిన ఉత్తరములు — ఇవన్నియు మన శాఖలు సేకరింపదగిన ఆధారములు. పాత ప్రతులు చెదలపాలగుచున్నవి. ఇండ్లు మారునప్పుడు కుట్టిన పుస్తకములు తూకమునకు పోవుచున్నవి. 1950లలో ఈ వసతిగృహములలో చదివినవారు నేడు తొంబది యేండ్లకు చేరువ వారు. వారి మాటను వినుటకు మనకు మిగిలిన వ్యవధి స్వల్పము.

ఇందుకు పెద్ద ధనము అక్కరలేదు. ప్రతి వత్సరము మన విద్యార్థులు పదిమంది తమ ఇంటి పెద్దల వద్ద కూర్చుండి, మీరు మొదట చదివిన నవల ఏది, అది మీ చేతికి ఎవరిచ్చిరి, మీరు ఎవరికిచ్చితిరి అని మూడు ప్రశ్నలు అడిగి వ్రాసికొనినచో పదేండ్లలో తెలుగు నవలకు పాఠకచరిత్ర యొకటి సిద్ధమగును. ఆ మూడవ ప్రశ్నకు వచ్చు సమాధానములు మాకు మిక్కిలి విలువైనవని తోచుచున్నది. నవలను వ్రాసినవాని పేరు అట్ట మీద ఉన్నది. దానిని ఇంకొకరి చేతిలో పెట్టినవాని పేరు ఎచ్చటను లేదు.